కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి: ఒప్పందం ఉందంటే క్రెడిట్లన్నీ లెక్కలోకి వస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు టెక్సస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. అమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ పూర్తిచేసింది, కంప్యూటర్ సైన్స్ చదవాలనుకుంటోంది. కోరుకున్న చోట ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) సీటు రాలేదు. ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ) రెండేళ్లు చదివించి, తర్వాత యూటీ డాలస్‌కో యూటీ ఆస్టిన్‌కో మార్పించాలని మీ ఆలోచన. కాలేజీవాళ్లు "మాకు యూనివర్సిటీలతో ఒప్పందాలున్నాయి, క్రెడిట్లన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి" అన్నారు. మీ తోడికోడలేమో "మావాడికి ఏడాది వృథా అయింది, ఆ దారి వద్దు" అంటోంది. ఎవరి మాట నమ్మాలి, డిగ్రీ విలువ తగ్గుతుందా, మీ కుటుంబం హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉంది కాబట్టి వేరే చిక్కులున్నాయా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, చేర్పించండి, మంచి దారే. కానీ ఏ యూనివర్సిటీ, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) అన్నది మొదటి సెమిస్టర్ క్లాసులు ఎంచుకోకముందే తేల్చుకోవాలి. రెండేళ్లు చదివాక చూసుకుందాంలే అనుకుంటే మీ తోడికోడలు చెప్పినట్టే అవుతుంది. కాలేజీవాళ్లు అబద్ధం చెప్పలేదు, ఆవిడా అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు.

నేను డాలస్ ప్రాంతంలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్‌గా చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు ఒక యూనివర్సిటీలో, బయటి నుంచి వచ్చే ట్రాన్స్‌క్రిప్టులు (మార్కుల జాబితాలు) పరిశీలించే పనిలో ఉన్నాను. పిల్లల్ని పంపే వైపూ తెలుసు, తీసుకునే వైపూ తెలుసు.

మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా. మనవాళ్లలో చాలామంది ఇక్కడి ట్రాన్స్‌ఫర్‌నూ అలాగే ఊహించుకుంటారు. ఈసెట్‌లో ర్యాంకు వచ్చి సీటు దొరికితే నేరుగా సెకండియర్. డిప్లొమాలో చదివిన ఒక్కో సబ్జెక్టునూ విడిగా తీసి ఇది పనికొస్తుందా రాదా అని చూసేవాళ్లుండరు. ఇక్కడ చూస్తారు. అదీ రెండుసార్లు, రెండు వేర్వేరు చోట్ల చూస్తారు.

మొదటిది రిజిస్ట్రార్ ఆఫీసు లేదా అడ్మిషన్స్. అక్కడ చూసేది, గుర్తింపు ఉన్న కాలేజీలో చదివారా, పాస్ గ్రేడు ఉందా, మా దగ్గర దానికి సమానమైన కోర్సు ఏదైనా ఉందా అని. ఇవి సరిపోతే క్రెడిట్ మీ ఖాతాలో పడుతుంది. కాలేజీవాళ్లు "ట్రాన్స్‌ఫర్ అవుతుంది" అన్నది ఈ మెట్టు గురించే. రెండోది డిపార్ట్‌మెంటు. అక్కడ మేజర్ డిగ్రీ ప్లాన్ ముందు పెట్టుకుని, ఈ కోర్సు మా లిస్టులో ఏ గడిలో కూర్చుంటుందని చూస్తారు. ఏ గడిలోనూ కూర్చోకపోతే అది ఉత్త ఎలెక్టివ్‌గా మిగిలిపోతుంది. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీల్లో ఖాళీ ఎలెక్టివ్‌లకు చోటు చాలా తక్కువ. ట్రాన్స్‌క్రిప్టు మీద 60 క్రెడిట్లు కనిపిస్తాయి, డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి కావలసినవాటిలో ఏవి తీరాయో చూపే పట్టిక) తీస్తే 40 మాత్రమే పనికొచ్చి ఉంటాయి. "ఏడాది వృథా" అంటే ఇదే.

ఇది మీ ఒక్కరి భయం కాదు. అమెరికా ప్రభుత్వ లెక్కల పరిశీలన సంస్థ, అంటే ఇక్కడి జీఏఓ, 2017లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారు. ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ నుంచి ప్రభుత్వ యూనివర్సిటీకి మారినవాళ్ల నష్టం 22 శాతం. తక్కువే, కానీ అదీ ఒక సెమిస్టర్‌కు దగ్గరే. ఇంకో అంకె: కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో దాదాపు 80 శాతం మంది బ్యాచిలర్స్ చేయాలనే వస్తారు. ఆరేళ్లలో అది చేతికొచ్చేది సుమారు 16 శాతం మందికి. వీళ్లలో చాలామంది ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుకుంటూ చదివేవాళ్లు కాబట్టి మీ అమ్మాయికి ఆ అంకెను నేరుగా అంటగట్టకండి. దారి మాత్రం దానంతటదే యూనివర్సిటీ దాకా తీసుకెళ్లదని తెలుస్తుంది.

అన్ని ఒప్పందాలూ ఒక్క రకం కావు

"ఒప్పందం ఉంది" అన్నారంటే వెంటనే అడగాల్సింది, ఎలాంటి ఒప్పందం అని. అన్నిటికంటే మామూలుది కోర్సుల పట్టిక. ఇక్కడ చదివిన ఈ కోర్సు అక్కడ ఆ కోర్సుకు సమానం అని రాసుకుంటారు. అందులో సీటు హామీ ఏమీ ఉండదు. వెబ్‌సైట్లలో గొప్పగా కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఇవే.

దాని పైమెట్టు, షరతులు నెరవేరిస్తే సీటు ఖాయమనేది. కాలిఫోర్నియాలో 2010లో తెచ్చిన చట్టం ప్రకారం ట్రాన్స్‌ఫర్ కోసమే రూపొందించిన అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) చేస్తే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటు ఖాయం, అక్కడ ఇంకో 60 యూనిట్లతో బ్యాచిలర్స్ పూర్తవుతుంది. యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) టాగ్ అనే ట్రాన్స్‌ఫర్ సీటు హామీ ఉంది, డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరింటికే. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్‌డియాగో అందులో లేవు, ఉన్నవాటిలోనూ ప్రతి మేజర్‌కూ ఉండదు. బే ఏరియాలో ఉండే మన బంధువులు "మా దగ్గర గ్యారంటీ" అన్నప్పుడు ఈ వివరాలు చెప్పరు. ఆ నియమాలు టెక్సస్‌కు వర్తించవు కూడా.

మూడోది నాకు బాగా నచ్చే రకం: రెండు సంస్థలూ కలిసి విద్యార్థిని మొదటి రోజు నుంచీ తమవాడిగా చూసుకోవడం. నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ, జార్జ్ మేసన్ యూనివర్సిటీ 2018లో మొదలుపెట్టిన అడ్వాన్స్ ప్రోగ్రాం అలాంటిది. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సన్నది చివరి డిగ్రీ దాకా ముందే గీసి ఇస్తారు, కోచ్ ఒకరు వెంట ఉంటారు, షరతులు నిలబెట్టుకుంటే ప్రవేశం ఖాయం. మన రాష్ట్రంలో టెక్సస్ ఏ అండ్ ఎం ఇంజినీరింగ్ అకాడమీలు ఈ కోవలోవే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ లాంటి చోట్ల కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు, సైన్సు చదువుతారు, ఇంజినీరింగ్ క్లాసులు ఏ అండ్ ఎం అధ్యాపకులే చెబుతారు. పిల్లలు ఏ అండ్ ఎంలో అప్పటికే చేరినట్టు లెక్క. అమ్మాయి మనసు ఇంజినీరింగ్ వైపు కాస్తయినా ఉంటే ఇది చూడండి.

యూటీ ఆస్టిన్ గురించి మాత్రం నిజం చెప్పాలి. కంప్యూటర్ సైన్స్‌కు అక్కడ ట్రాన్స్‌ఫర్ సీటు దొరకడం చాలా కష్టం, మీ కాలేజీ ఒప్పందం ఏదీ ఆ తలుపు తెరవదు. అప్లై చేయనివ్వండి, కానీ దాని మీదే ప్లాన్ కట్టకండి. యూటీ డాలస్‌ను గమ్యంగా పెట్టుకుని కోర్సులు తీసుకుంటే, లెక్కలు, ప్రోగ్రామింగ్ ఎలాగూ ఆస్టిన్‌కూ పనికొచ్చేవే.

టెక్సస్‌లో కోర్సు నంబరు చదవడం నేర్చుకోండి

ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే నంబర్ల పద్ధతి వాడతాయి. నాలుగంకెల్లో మొదటిది స్థాయి, రెండోది క్రెడిట్లు. మ్యాథ్ 2413 అంటే రెండో ఏడాది స్థాయి, నాలుగు క్రెడిట్లు. అదే కాల్‌క్యులస్ 1. మ్యాథ్ 1324 కూడా లెక్కలే, కానీ బిజినెస్ పిల్లలకు. కోర్ (ఏ మేజర్ అయినా అందరూ చదవాల్సిన సాధారణ కోర్సులు) అవసరానికి అదీ సరిపోతుంది కాబట్టి, తొందరలో ఉన్న అడ్వైజర్ "మ్యాథ్ కోర్ అయిపోయింది" అని టిక్కు పెడతారు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో దానికి చోటు లేదు.

ఫిజిక్స్‌లోనూ ఇదే. 1401 ఆల్జీబ్రాతో చెప్పేది, 2425 కాల్‌క్యులస్‌తో చెప్పేది. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి 1401, 1402 రెండూ తీసుకుని రెండింటిలోనూ 'ఏ' గ్రేడు తెచ్చుకుంది. మేజర్‌కు కావలసినవి 2425, 2426. మంచి గ్రేడ్లతో చేసిన ఎనిమిది క్రెడిట్లు పక్కనపడి, మళ్లీ ఫిజిక్స్ చదవాల్సి వచ్చింది. ఆ పిల్ల చదువులో ఏ లోటూ లేదు.

కంప్యూటర్ కోర్సుల్లో ఇంకో తిరకాసు ఉంది. కోర్సు పేరు ముందు సీఓఎస్‌సీ అని ఉంటే అది అకడమిక్, యూనివర్సిటీకి వెళ్లేందుకు తయారుచేసింది. ఐటీఎస్‌ఈ అని ఉంటే వర్క్‌ఫోర్స్, అంటే నేరుగా ఉద్యోగం కోసం. రెండు వైపులా జావా చెబుతారు, ఒక్కోసారి ఒకే టీచరు చెబుతారు. యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంటు మాత్రం మొదటిదాన్నే చూస్తుంది. అసోసియేట్ డిగ్రీలోనూ ఏఎస్, ఏఏ వేరు, ఏఏఎస్ వేరు. చివర ఆ ఒక్క ఎస్ ఎక్కువుంటే అది ఉద్యోగపు డిగ్రీ, దాని టెక్నికల్ కోర్సులు మామూలు బ్యాచిలర్స్‌లో కలవడం కష్టం. మీ తోడికోడలి అబ్బాయి విషయంలో ఇదే జరిగి ఉండవచ్చు, ఒకసారి అడిగి చూడండి.

కోర్ అంటే టెక్సస్‌లో 42 క్రెడిట్లు. అందులో చట్టం ప్రకారం చరిత్ర రెండు, గవర్నమెంటు రెండు తప్పవు. అంతా పూర్తిచేసి "కోర్ కంప్లీట్" అని ట్రాన్స్‌క్రిప్టు మీద పడితే, ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలి. ఇది మంచి రక్షణే. కానీ కంప్యూటర్ సైన్స్ పిల్లలకు నేనిచ్చే సలహా కొంచెం వేరు: ముందు కాల్‌క్యులస్ 1, 2, ప్రోగ్రామింగ్ వరుస, కాల్‌క్యులస్ ఫిజిక్స్. తేలిక కోర్ కోర్సులు ఒకటి రెండు మిగిల్చుకుని యూనివర్సిటీకి రండి. అన్నీ ఇక్కడే ఊడ్చేసి వస్తే అక్కడ ప్రతి సెమిస్టర్ కష్టమైన మేజర్ క్లాసులే మిగులుతాయి, మొదటి సెమిస్టర్‌లోనే జీపీఏ కుదేలవుతుంది. ఈ విషయంలో నాతో విభేదించే అడ్వైజర్లు ఉన్నారు. ముఖ్యంగా డబ్బు బాగా ఇబ్బందిగా ఉన్న కుటుంబానికి కోర్ అంతా చవకగా ఇక్కడే ముగించడం సరైన పని కావచ్చు.

స్థాయి కూడా గుర్తుపెట్టుకోండి. డేటా స్ట్రక్చర్స్ అని రెండు చోట్లా క్లాసు ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీలో చదివింది 2000 స్థాయి. యూనివర్సిటీ 3000 స్థాయి క్లాసు అడిగితే ఇది దాని బదులు నిలవదు, దానికి ముందు మెట్టుగా లెక్కకొస్తుంది. పైగా చివరి క్రెడిట్లు కొన్ని, చాలాచోట్ల 30, తమ దగ్గరే చదవాలని యూనివర్సిటీలు పట్టుబడతాయి.

తల్లిదండ్రులకు ఎవరూ ముందు చెప్పని నియమాలు

టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో 2007 తర్వాత మొదలుపెట్టిన విద్యార్థి డిగ్రీ మొత్తంలో ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయకూడదు. కాలేజీ మారినా ఆ లెక్క వెంటే వస్తుంది. అలాగే డిగ్రీకి కావలసిన వాటికంటే 30 క్రెడిట్లు మించి పోగుచేస్తే, ఆపైన ఇన్‌స్టేట్ ఫీజు కాకుండా ఎక్కువ ఫీజు వసూలు చేసే అధికారం యూనివర్సిటీకి ఉంది. "చదివితే పోయేదేముంది, ఇంకో కోర్సు తీసుకో" అనే ముందు ఇది తెలిసి ఉండాలి.

అమ్మాయి హైస్కూల్లో డ్యూయల్ క్రెడిట్ (స్కూల్లో ఉండగానే చదివే కాలేజీ కోర్సులు) తీసుకుని ఉంటే అది నిజమైన కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు. అప్లై చేసేటప్పుడు చదివిన ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్టూ పంపాలి. పదకొండో తరగతిలో వచ్చిన సీ గ్రేడును దాచిపెడదామని చూసే పిల్లలు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. బయటపడుతుంది, అప్పుడు అడ్మిషనే పోవచ్చు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల) స్కోర్లు కూడా కమ్యూనిటీ కాలేజీ ఒప్పుకుంది కదా అని యూనివర్సిటీ ఒప్పుకోవాలని లేదు. స్కోర్లు కాలేజ్ బోర్డు నుంచి నేరుగా యూనివర్సిటీకి పంపితే వాళ్లు తమ నియమాల ప్రకారం మళ్లీ చూస్తారు.

ఒక క్రెడిట్‌ను నిరాకరిస్తే అంతటితో ఊరుకోనక్కర్లేదు. సిలబస్ తీసుకెళ్లి డిపార్ట్‌మెంటును మళ్లీ చూడమనండి. అందుకే ప్రతి క్లాసు సిలబస్‌నూ పీడీఎఫ్‌గా దాచుకోమంటాను. రెండేళ్ల తర్వాత ఎవరూ వెతికి ఇవ్వరు. మొదటి రెండేళ్ల స్థాయి అకడమిక్ కోర్సుల విషయంలో టెక్సస్‌లో అధికారికంగా వివాదం లేవనెత్తే పద్ధతి ఉంది. 45 రోజుల్లో రెండు కాలేజీలూ తేల్చుకోలేకపోతే అది రాష్ట్ర ఉన్నత విద్యా బోర్డు కమిషనర్ దాకా వెళ్తుంది. అంతదాకా వెళ్లినవాళ్లను నేను అరుదుగానే చూశాను. సిలబస్ చూపించగానే చాలావరకు డిపార్ట్‌మెంటులోనే తెగిపోతుంది.

డిగ్రీ విలువ సంగతి

పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ అని ఎక్కడా రాయరు. మాస్టర్స్‌కు అప్లై చేస్తే మాత్రం రెండు ట్రాన్స్‌క్రిప్టులూ అడుగుతారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మనవాళ్లలో కమ్యూనిటీ కాలేజీ అంటే చులకన ఉంది, గృహప్రవేశానికి వెళ్తే "పాప ఎక్కడ చదువుతోంది" అని అడుగుతారు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. ఈ కాలేజీల పుట్టుక చూడండి: 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ పెట్టించినవాళ్లలో ఒకరు యూనివర్సిటీ ఆఫ్ షికాగో ప్రెసిడెంట్ విలియం రెయినీ హార్పర్. యూనివర్సిటీ మొదటి రెండేళ్ల చదువు ఊళ్లోనే దొరకాలన్నదే ఆలోచన.

నిజంగా నష్టం ఉన్నది ఇంటర్న్‌షిప్‌ల దగ్గర. కంపెనీలు తర్వాతి వేసవికి సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే పిల్లల్ని ఎంచుకుంటాయి. ఆగస్టులో ట్రాన్స్‌ఫర్ అయిన జూనియర్‌కు (మూడో ఏడాది విద్యార్థికి) అప్పటికి కొత్త యూనివర్సిటీలో జీపీఏ కూడా ఉండదు, పాతది అందులో కలవదు. రెజ్యూమెలో కమ్యూనిటీ కాలేజీ జీపీఏ వేసుకోమనండి. వీలైతే ముందు వేసవిలోనే యూనివర్సిటీలో ఒక క్లాసు మొదలుపెడితే ఇంకా మంచిది. కమ్యూనిటీ కాలేజీలో ఉండగా ఫై థీటా కప్పా (బాగా చదివే కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల గౌరవ సంఘం) సభ్యత్వానికి పిలుపు వస్తే ఒప్పుకోండి. ఆ సభ్యులకోసమే ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ పెట్టిన యూనివర్సిటీలు చాలా ఉన్నాయి.

హెచ్-4 గురించి

టెక్సస్‌లో హెచ్-4 ఉన్నవాళ్లు పన్నెండు నెలల నివాసం, మిగతా షరతులు చూపిస్తే ఇన్‌స్టేట్ ఫీజుకు అర్హులు. ఫాఫ్సా ద్వారా వచ్చే కేంద్ర ప్రభుత్వ సాయానికి మాత్రం అర్హత లేదు. ఇంకో చిన్న సంగతి, ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీ ఫీజు మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందన్న దాన్నిబట్టి మారుతుంది, ముందు ఆస్తిపన్ను కాగితమో లీజో చూసుకోండి.

పెద్ద సంగతి 21 ఏళ్లు. అప్పటికి మీ గ్రీన్‌కార్డు రాకపోతే అమ్మాయి హెచ్-4 నుంచి ఎఫ్-1కు (విద్యార్థి వీసా) మారాల్సి రావచ్చు. ఇరవై ఏళ్లకు ట్రాన్స్‌ఫర్ అయ్యే పిల్లకు ఇది సరిగ్గా జూనియర్ ఏడాదిలో ఎదురవుతుంది. ఎఫ్-1 మీద ప్రతి సెమిస్టర్ ఫుల్‌టైమ్ చదవాలి, అంటే కనీసం 12 క్రెడిట్లు. క్రెడిట్లు నష్టపోయి డిగ్రీ సాగితే ఆ ఖర్చు, ఆ ఆందోళన రెండూ పెరుగుతాయి. పుట్టినరోజుకు ఏడాది ముందే లాయర్‌తో మాట్లాడండి. స్టేటస్ మారాక ఫీజు ఏ రేటులో ఉంటుందో యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో తీసుకోండి. నోటిమాట వద్దు.

ఇప్పుడు చేయాల్సింది

యూటీ డాలస్ వెబ్‌సైట్‌లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ప్లాన్, దాని పక్కనే మీ కాలేజీకి సంబంధించిన ట్రాన్స్‌ఫర్ గైడ్ ఉంటాయి. రెండూ ఈ ఏడాది క్యాటలాగ్‌వే తీసుకుని దాచండి, ఒప్పందాలు ఏడాదికేడాది మారతాయి. తర్వాత అమ్మాయి చేత, మీరు కాదు, ఇద్దరికి ఈమెయిల్ పెట్టించండి. తల్లిదండ్రులకు వివరాలు చెప్పడానికి చదువు రికార్డుల గోప్యత చట్టం అడ్డొస్తుంది. ఒకటి కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్‌కు, ఒకటి యూటీ డాలస్ ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్స్‌కు. "ఇవి ట్రాన్స్‌ఫర్ అవుతాయా" అని అడిగితే అవుననే జవాబొస్తుంది. "నేను మొదటి సెమిస్టర్‌లో ఈ నాలుగు కోర్సులు తీసుకుంటున్నాను. కంప్యూటర్ సైన్స్ బీఎస్ డిగ్రీ ప్లాన్‌లో ఒక్కొక్కటీ ఏ అవసరాన్ని తీరుస్తుంది?" అని అడగమనండి. ఇద్దరి జవాబులూ కలవకపోతే యూనివర్సిటీ మాటే పట్టుకోండి, పట్టా ఇచ్చేది వాళ్లు.

కాల్‌క్యులస్ సెక్షన్లు ఆగస్టుకు ముందే నిండిపోతాయి కాబట్టి ఆలస్యం చేయకండి. అమ్మాయి ఏపీ స్కోర్లు, డ్యూయల్ క్రెడిట్ కోర్సు నంబర్లు కింద రాస్తే మొదటి సెమిస్టర్‌కు ఏవి తీసుకోవాలో చూసి చెబుతాను. పేరు, స్టూడెంట్ ఐడీ మాత్రం ఇక్కడ పెట్టకండి.